సుద్దరాతి ఏటి గట్టున గాలాల వనభోజనం

వనభోజనాలనగానే మనకు కార్తీకమాసం, ఉసిరిచెట్టు నీడ, పెద్ద గిన్నెలో పసుపుపచ్చని పులిహోర గుర్తుకొస్తాయి. ఇంగ్లండులో ఉసిరిచెట్టు లేదు. కార్తీకమాసంలో చెట్టుకింద కూర్చుంటే చలికి పళ్లు పటపటలాడతాయి. అయినా అక్కడివాళ్లకీ ఓ వనభోజనం లాంటిది ఉంది. ఊళ్లోని గాలం క్లబ్బు వాళ్లంతా డబ్బు పోగేసుకుని, ఏడాదికోసారి కలిసి ఓ అందమైన ఏటి గట్టుకు వెళ్లి పొద్దుపోయేదాకా గడిపే రోజది. ఆ ఏరు కూడా ఎక్కడపడితే అక్కడ కనిపించే ఏరు కాదు. సుద్దరాతి నేలలోంచి ఊటగా పుట్టే ఏరు. ఇంగ్లీషువాళ్లు దాన్ని చాక్‌స్ట్రీమ్ అంటారు.

“గాలాలు, చేపలు మగవాళ్ల సరదా. మధ్యలో మనకెందుకండీ ఈ గోల?” అంటారా? కాస్త ఆగండి. రీడింగ్, బేసింగ్‌స్టోక్, సౌతాంప్టన్ లాంటి ఊళ్లలో ఇవాళ మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మీ అమ్మాయో, మరిదిగారి అబ్బాయో అక్కడే ఉండి ఉండొచ్చు. పురిటికో, పిల్లల్ని చూసుకోవడానికో మీరూ ఆర్నెల్లు వెళ్లి ఉండొచ్చు. అక్కడ వంటింట్లో మీరు తిప్పే కుళాయికీ, ఆ ఏటికీ ఉన్న చుట్టరికం తెలిస్తే ఈ సంగతి మగవాళ్లకే వదిలేయాలని మీకే అనిపించదు.

కెటిల్ అడుగున తెల్లపొర

ఆ ఊళ్లలో నాలుగు రోజులు టీ కాచి చూడండి. కెటిల్ అడుగున తెల్లగా పొర కడుతుంది. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు. ఇక్కడ నాలుగు విజిల్స్‌కి మెత్తబడే కందిపప్పు అక్కడ ఆరు వచ్చినా గింజ గింజగానే ఉంటుంది. “పప్పే పాతదేమో” అని కొట్టువాణ్ని తిట్టుకోకండి. తేడా నీళ్లలో ఉంది. ఆ నీళ్లు సుద్దరాతిలోంచి వచ్చినవి.

బడిలో నల్లబల్ల మీద రాసే సుద్దముక్క తెలుసుగా? దక్షిణ ఇంగ్లండులో అలాంటి తెల్లరాయి గుట్టలు గుట్టలుగా, నేలలోపల వందల అడుగుల మందాన పరుచుకుని ఉంది. దాదాపు 6.6 కోట్ల నుంచి 10 కోట్ల ఏళ్ల కిందట అక్కడంతా సముద్రం. ఆ నీళ్లలో బతికిన, కంటికి ఆనని జీవుల పెంకులు అడుగుకు చేరి, పేరుకుని, అణిగి రాయి అయ్యాయి. పైన కురిసిన వాన ఆ రాయిలో స్పాంజిలోకి ఇంకినట్టు ఇంకుతుంది. ఇంకుతూ ఇంకుతూ కొంచెం సుద్దను తనలో కరిగించుకుంటుంది. అదే మీ కెటిల్‌లో పొరగా తేలేది.

కెటిల్‌కి వైద్యం సులువే. సగం నీళ్లు, సగం తెల్ల వెనిగర్ పోసి ఓ గంట వదిలేయండి. పారబోసి కడిగి, మంచినీళ్లు రెండుసార్లు మరిగించి పారబోస్తే వాసన కూడా పోతుంది. వెనిగర్ లేకపోతే నిమ్మరసమైనా పనిచేస్తుంది. పప్పుకైతే రెండు గంటల ముందు నానబెట్టి, ఉడికించేటప్పుడు చిటికెడు వంటసోడా వేయండి. చింతపండు, టమాటా మాత్రం పప్పు మెత్తబడ్డాకే. పులుపు ముందే పడితే గింజ మరింత బిగుసుకుంటుంది.

వేసవిలో చల్లన, చలికాలంలో వెచ్చన

రాతిలో ఇంకిన నీరు వెంటనే బయటికి రాదు. శరదృతువులోనూ, శీతాకాలంలోనూ కురిసిన వాన నేలలోపల నిలవ ఉండి, నెలల తర్వాత కొండల అడుగున ఊటలుగా పైకి ఉబుకుతుంది. మనవాళ్లు ఏట్లో ఇసుక తవ్వి చెలమ తీస్తే తేట నీరు ఊరుతుంది చూడండి, ఆ చెలమే నదంత పెద్దదైతే ఎలా ఉంటుందో ఈ ఏరు అలా ఉంటుంది. నేలలోంచి వచ్చే నీరు కాబట్టి ఊట దగ్గర ఏడాది పొడవునా సుమారు 10, 11 డిగ్రీల చలవలోనే ఉంటుంది. మండు వేసవిలో చేయి పెడితే ఝుమ్మంటుంది. బయట మంచు కురిసే రోజున అదే నీటి మీంచి సన్నగా ఆవిరి లేస్తుంది.

బురద కొట్టుకొచ్చే వరదలు తక్కువ కాబట్టి నీరు అద్దంలా ఉంటుంది. అడుగున గులకరాళ్లు లెక్కపెట్టుకోవచ్చు. వాటిమధ్య పొడవాటి పచ్చని నాచుమొక్కలు జడపాయల్లా ఊగుతూ, వేసవి మొదట్లో నీటి మీద తెల్లటి పూలు విరబూస్తాయి. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి ఏళ్లు కొన్ని వందలే ఉన్నాయి. అందులో నూటికి 85 వంతుల దాకా ఇంగ్లండులోనే ఉన్నాయని అంచనా. మిగిలినవి ఉత్తర ఫ్రాన్సులోనూ, డెన్మార్కులోనూ ఉన్నాయి.

వీటిలో పేరు మోసినవి హాంప్‌షైర్ జిల్లాలోని టెస్ట్, ఇచెన్ నదులు. టెస్ట్ నది ఓవర్టన్ ఊరికి దగ్గర్లో, యాష్ అనే పల్లెలో పుట్టి, సుమారు 40 మైళ్లు పారి సౌతాంప్టన్ దగ్గర సముద్రపు పాయలో కలుస్తుంది. నవలలు చదివే వాళ్లకు ఓ ముచ్చట చెప్పనా? యాష్‌కి పక్కనే ఉన్న స్టీవెంటన్ పల్లెలో 1775లో పుట్టిన అమ్మాయే జేన్ ఆస్టెన్. ఆమె సమాధి ఇచెన్ నది ఒడ్డున ఉన్న వించెస్టర్ పెద్ద చర్చిలో ఉంది. అదే చర్చిలో ఇజాక్ వాల్టన్ అనే పెద్దమనిషి సమాధి కూడా ఉంది. 1653లో గాలం వేటమీద ఆయన రాసిన పుస్తకాన్ని గాలం ప్రియులు ఇప్పటికీ పారాయణం చేసినట్టు చదువుకుంటారు.

ఆ రోజు ఎలా గడుస్తుందంటే

ఈ ఏళ్లలో చాలా భాగం సొంత ఆస్తులు. గట్టు ఎవరిదో, చేపలు పట్టే హక్కూ వాళ్లదే. టెస్ట్ నది మీద స్టాక్‌బ్రిడ్జ్‌లో 1822లో పెట్టిన హౌటన్ క్లబ్ లాంటి వాటిలో చోటు దొరకడం మామూలువాళ్లకు అందని మాట. మే నెలాఖరున మంచి చోట ఒక్క మనిషి ఒక్క రోజు గాలం వేయాలన్నా వందల పౌండ్లు వదిలించుకోవాలి. అందుకే ఊళ్లల్లోని చిన్న క్లబ్బులవాళ్లు చీటీలు కట్టినట్టు చలికాలం నుంచే డబ్బు కూడబెట్టి, ఏటిలో కొంత భాగాన్ని ఓ రోజుకు అద్దెకు మాట్లాడుకుంటారు. పోస్టుమాన్, ప్లంబర్, రిటైరైన మాస్టారు, ఆస్పత్రి నర్సు... అందరూ ఆ రోజు ఏటికి దొరలే!

పొద్దున తొమ్మిదికల్లా గట్టు మీది చెక్క పాక దగ్గర చేరతారు. టీ, రొట్టె అయ్యాక ఏటి కాపరి వచ్చి నియమాలు చెబుతాడు. ఈ కాపరి పని చూస్తే మన ఇంటి చాకిరీ గుర్తుకొస్తుంది. నాచు పెరిగితే కోయాలి, గట్టు విరిగితే కట్టాలి, పడిన కొమ్మ తీయాలి, అయినా ఏరు ఎవరూ చేయి పెట్టనట్టే కనబడాలి. బాగా చేస్తే చేసినట్టే తెలియదు!

తర్వాత చీటీలు తీస్తారు. ఏటిని ముక్కలుగా పంచి, ఎవరికి ఏ ముక్క వస్తే వాళ్లు అక్కడ. మధ్యాహ్నం తర్వాత చోట్లు మార్చుకుంటారు. కొత్తగా చేరిన వాళ్లకు తోడుగా ఓ పాతకాపుని ఇస్తారు. మధ్యాహ్నం అందరూ పాక దగ్గరికి వచ్చి తెచ్చుకున్నవి పంచుకుని తింటారు. ఎండ వాలాక, పురుగులు లేచే వేళకు మళ్లీ గట్టెక్కుతారు. చీకటి పడ్డాక పద్దు పుస్తకంలో ఎవరికెన్ని దొరికాయో రాసి, ఇళ్లకు మళ్లుతారు.

“మరి పట్టిన చేపల్ని ఏం చేస్తారు? పులుసా, వేపుడా?” అని మీరు అడగబోతున్నారు కదూ! చాలా చోట్ల పట్టిన చేపని పట్టినట్టే నీళ్లలోకి వదిలేస్తారు. ఆ మాటకి మన గోదావరి జిల్లాల వాళ్లు ముక్కున వేలేసుకుంటారు. కానీ అడవి ట్రౌట్ చేపలు అక్కడ అంతంత మాత్రంగానే ఉన్నాయి. రోజుకి పది గాలాలు, గాలానికి రెండు చేపలు లెక్కేసుకోండి. ఎన్నాళ్లు మిగులుతాయి? కొన్నిచోట్ల ఒకటో రెండో ఇంటికి తెచ్చుకోనిస్తారు. అలాంటి చోట్ల చాలావరకు చెరువుల్లో పెంచి ఏటిలో వదిలినవే ఉంటాయి.

ఈగ కాని ఈగ

ఇక్కడ గాలానికి వానపామునో, పిండినో ఎరగా గుచ్చరు. ఈక, దారం, బొచ్చు చుట్టి, ఈగలా కనిపించే చిన్న బొమ్మ కట్టి గాలానికి తగిలిస్తారు. ట్రౌట్ చేప నీటిమీద వాలే పురుగుల్ని తింటుంది కాబట్టి ఆ బొమ్మ ఈగను నిజం ఈగలా నీటిమీద తేలించాలి. అందులో ఉంది పనితనమంతా.

ఆ పురుగుల్లో మహారాణి మేఫ్లై. తొలకరి వాన పడిన రాత్రి మన ఇళ్లలో దీపం చుట్టూ ఉసిళ్లు మూగుతాయి కదా, మే నెలాఖరున, జూన్ మొదట్లో ఆ ఏటి మీద ఇవి అలా లేస్తాయి. అంతకుముందు దాదాపు రెండేళ్లు ఏటి అడుగు బురదలో పురుగుగా బతుకుతాయి. ఆ తర్వాత ఓ రోజు పైకి తేలి, చర్మం విడిచి రెక్కలతో ఎగురుతాయి. రెక్కలొచ్చాక వాటికి తినడానికి నోరే పనిచేయదు! ఒకటి రెండు రోజుల్లోనే జతకట్టి, నీటిమీద గుడ్లు పెట్టి రాలిపోతాయి. ఆ రెండు వారాలూ చేపలకు పెళ్లి భోజనాలే. ఎంత చేతకాని వాడికైనా చేప దొరుకుతుందని ఆ రోజులకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు ‘చవటల పక్షం’ లాంటిది.

ఈగను తేలించాలా, ముంచాలా అన్నదాని మీద కూడా పెద్ద పెద్ద తగాదాలు నడిచాయి. టెస్ట్ మీద గాలం వేసిన ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో పుస్తకం రాసి, తేలే ఈగే మర్యాదస్తుల పద్ధతి అన్నాడు. ఇచెన్ మీద వేటాడిన లాయరు స్క్యూస్ 1910లో మరో పుస్తకం రాసి, నీటిలోపలి పురుగులాంటిది వేసినా తప్పులేదన్నాడు. ఉగాది పచ్చడిలో అరటిపండు వేయాలా వద్దా అని మన ఇళ్లలో జరిగే వాదనలాగే, అది అక్కడి క్లబ్బుల్లో ఇంకా తెగలేదు.

అక్కడ మన పేరూ ఉంది

1496లో గాలం వేటమీద ఇంగ్లీషులో అచ్చయిన తొలి పుస్తకం జూలియానా బెర్నర్స్ అనే సన్యాసిని పేరు మీద చెలామణీ అయింది. ఆమే రాసిందనడానికి గట్టి ఆధారం లేదని చరిత్రకారులంటారు గానీ, ఐదు వందల ఏళ్లుగా ఆ విద్యకు మొదటి గురువుగా తలుచుకునేది ఒక ఆడమనిషి పేరునే.

ఆధారం ఉన్న కథ కావాలంటే స్కాట్లండుకి వెళదాం. 1922 అక్టోబర్ 7న టే నదిలో జార్జినా బాలంటైన్ అనే యువతి తండ్రితో కలిసి పడవలో గాలం వేసింది. సాల్మన్ చేప చిక్కింది. రెండు గంటలకు పైగా లాగింది. ఒడ్డున పడేసి తూస్తే 64 పౌండ్లు, అంటే మన లెక్కలో 29 కిలోలు! బ్రిటన్‌లో గాలంతో పట్టిన సాల్మన్‌లలో దాన్ని మించినది నూరేళ్లు దాటినా ఇంకెవరికీ దొరకలేదు. ఎంతమంది మొనగాళ్లు ప్రయత్నించారో ఊహించుకోండి.

అదే స్కాట్లండులో మేగన్ బాయిడ్ అనే ఆవిడ సముద్రపు ఒడ్డున చిన్న గుడిసెలో కూర్చుని, జీవితమంతా సాల్మన్ గాలాలకు ఈకల ఈగలు కట్టింది. పూసలు గుచ్చే వేళ్లు, అల్లికలు అల్లే వేళ్లు ఉన్న మనకు ఆ పని విలువ చెప్పనక్కర్లేదు. 1971లో ఆమెకు బ్రిటిష్ ఎంపైర్ మెడల్ ప్రకటించారు. తన కుక్కని చూసుకునేవాళ్లు లేరని ఆ పతకం అందుకోవడానికి ఆవిడ వెళ్లలేదని చెబుతారు!

ఇక గాలం విసరడానికి మగాడి బలం కావాలన్నది ఉత్త మాట. కావలసింది మణికట్టు ఒడుపు. చేటతో బియ్యం చెరిగేటప్పుడు బలంగా కొడతామా? ఎగరేసి, గింజ తిరిగి వాలేదాకా క్షణం ఆగుతాం. ఇదీ అంతే. తాడును వెనక్కి విసిరి, అది వెనక నిటారుగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు వదలాలి. తొందరపడ్డవాళ్లకి చిక్కుముళ్లే మిగులుతాయి.

మీరు వెళ్లాల్సి వస్తే

“అమ్మా, ఆదివారం మా క్లబ్బువాళ్లంతా ఏటికి వెళ్తున్నాం. నువ్వూ రా” అని మీ అబ్బాయి పిలిస్తే “నాకెందుకురా” అనకండి. ఈ సంగతులు మాత్రం గుర్తుంచుకోండి.

ఎర్రంచు చీర, మెరిసే గాజులు వద్దు. ట్రౌట్‌కి చూపు మహా చురుకు. ఆకుపచ్చ, గోధుమ రంగు చుడీదారు, మోకాళ్ల దాకా బూట్లు అయితే హాయి. అక్కడి గట్ల మీద మన దురదగొండి లాంటి మొక్క ఒకటి ఒత్తుగా పెరుగుతుంది. చీర కుచ్చిళ్లు దానికి తగిలితే తెలుస్తుంది! గడ్డిలో నడిచి వచ్చాక పిల్లల కాళ్లు, మెడలు ఓసారి చూడండి. పిడుదు పురుగులు పట్టుకుంటాయి.

చేప ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది. అందుకని వెనకనుంచి, అంటే కిందివైపు నుంచి, గట్టుకు కాస్త ఎడంగా నెమ్మదిగా రావాలి. నీటి మెరుపును తగ్గించే పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి అడుగున నిలబడ్డ చేప కళ్ల ముందే కనిపిస్తుంది. గంటసేపు అలా చూస్తే చాలు, టీవీ సీరియల్ ఏపాటి!

చూడటానికి లైసెన్సు అక్కర్లేదు. గాలం చేతబట్టాలంటే మాత్రం ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే లైసెన్సు తప్పనిసరి. ఒక్క రోజుకి కూడా ఇస్తారు. 13 ఏళ్ల లోపు పిల్లలకు అవసరం లేదు. 13 నుంచి 16 ఏళ్ల వాళ్లకు ఉచితమే గానీ తీసుకోవాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉంటుంది.

చేపను పొడి చేత్తో తాకకూడదు. దాని ఒంటిమీది జిగురు పొరే దానికి రక్ష. అది పోతే రోగాలు పట్టుకుంటాయి. చెయ్యి తడుపుకుని, వలను నీళ్లలోనే ఉంచి, ముల్లు తీసి, తల ప్రవాహం వైపు పెట్టి పట్టుకుంటే తేరుకుని అదే వెళ్లిపోతుంది. మరో ఏటికి వెళ్లేముందు బూట్లు, వల కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ఓ ఏటి రోగం మరో ఏటికి అంటకుండా ఈ మడి!

తినడానికి మాత్రం మన పులిహోరని మించింది లేదు. పొద్దున కలిపితే సాయంత్రం దాకా ఉంటుంది, ప్లేటు ఒళ్లో పెట్టుకుని తినొచ్చు. కారం తగ్గించి నాలుగు డబ్బాలు ఎక్కువే కట్టండి.

ఖర్చు గురించి బెంగా? శరదృతువులో, చలికాలంలో గ్రేలింగ్ అనే వెండిరంగు చేప కోసం వెళితే చాలా చోట్ల అద్దె బాగా తగ్గుతుంది. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి ఆ రోజులే మేలు.

అద్దం లాంటి ఏటికి వచ్చిన కష్టం

ఇంత చెప్పాక ఓ చేదు మాట చెప్పక తప్పదు. ఈ ఏళ్లు చిక్కిపోతున్నాయి.

సుద్దరాతిలో నిలవున్న నీరే ఊళ్లకు మంచినీరు. బోర్లు వేసి తోడినకొద్దీ ఊటలు తగ్గుతాయి. ఎండాకాలంలో ఏరు సన్నబడుతుంది. సన్నబడిన ఏటిలో నీరు వేడెక్కుతుంది, మట్టి పేరుకుంటుంది, గులకరాళ్ల మధ్య చేప పెట్టిన గుడ్లు ఊపిరాడక చస్తాయి. టెస్ట్, ఇచెన్ నదుల నుంచి ఎంత నీరు తీయవచ్చన్న దానిమీద 2018లో బహిరంగ విచారణ జరిగి, 2019లో అనుమతులను కట్టడి చేశారు. దానికి తోడు మురుగునీటి బెడద. 2021 జులైలో సదరన్ వాటర్ కంపెనీకి, శుద్ధి చేయని మురుగును ఏళ్ల తరబడి నదుల్లోకీ, సముద్రంలోకీ వదిలినందుకు కోర్టు 9 కోట్ల పౌండ్ల జరిమానా వేసింది.

ఫలితం ఏమిటి? మన పులస కథే అక్కడ సాల్మన్ కథ. సముద్రంలో తిరిగే విలస గోదావరికి ఎదురీది పులస అయినట్టు, సాల్మన్ ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ ఏటికి ఎదురెక్కుతుంది. హాంప్‌షైర్ సుద్ద ఏళ్ల సాల్మన్ రక్తమే వేరని, మిగతా బ్రిటన్ సాల్మన్‌తో కలవదని శాస్త్రజ్ఞులు తేల్చారు. 2023 డిసెంబర్‌లో బ్రిటన్ సాల్మన్‌ను అంతరించిపోయే ప్రమాదమున్న జాతుల పట్టికలో చేర్చారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు మన పెద్దలు. తినడానికి పులసంటూ మిగలాలి కదా!

ఈ ఏళ్ల కోసం ముందుగా గొంతెత్తింది ఎవరనుకుంటున్నారు? చాలా చోట్ల గాలం క్లబ్బులవాళ్లే. ఫెర్గల్ షార్కీ అనే ఒకప్పటి పాప్ గాయకుడు లీ నది మీద 1831లో పెట్టిన ఆమ్వెల్ మాగ్నా ఫిషరీ అనే క్లబ్బుకు అధ్యక్షుడై, తమ ఏటికి నీళ్లు కావాలని మొదలెట్టి, దేశంలోని నదులన్నిటి తరఫునా పోరాడే మనిషయ్యాడు. మామూలు సభ్యులు చేసేది మరొకటుంది. నెలకోసారి ఏటిలో దిగి, మూడు నిమిషాలు కాలితో అడుగును కదిపి, వలలో పడిన పురుగుల్ని ఎనిమిది రకాలుగా వేరుచేసి లెక్కపెడతారు. లెక్క ఉండాల్సిన దానికన్నా పడిపోతే ఏటిలో ఏదో విషం కలిసిందని గుర్తు. వెంటనే ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీకి చెబుతారు. బియ్యంలో రాళ్లేరే కళ్లు ఉన్నవాళ్లెవరైనా నేర్చుకోగల పని ఇది. శిక్షణ వాళ్లే ఇస్తారు.

వంటింట్లో మన వంతు

ఏటి గట్టుకు వెళ్లకపోయినా చేయగలిగినవి ఇవి. అక్కడున్న మీ పిల్లలకు ఫోనులో చెప్పండి.

గారెలు, పూరీలు వేయించిన నూనె సింకులో పోయొద్దు. చల్లారాక సీసాలో పోసి చెత్తలో వేయాలి. అక్కడి చలికి నూనె గొట్టాల్లో గడ్డకట్టి, మురుగు కాలవ మూసుకుపోయి, పొంగి, చివరికి ఏటికి చేరుతుంది.

పిల్లల్ని తుడిచే తడి కాగితాలు టాయిలెట్‌లో వేయొద్దు. అవి కరగవు. నూనెతో కలిసి బండలా తయారవుతాయి.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే, ఈగలు, గోమార్ల మందు మెడమీద వేశాక దాన్ని వెంటనే ఏటిలో ఈదనివ్వొద్దు. ఆ మందు చుక్కలు నీటి పురుగుల్నీ చంపుతాయి.

అక్కడ సగటున మనిషికి రోజుకి 140 లీటర్ల దాకా నీళ్లు ఖర్చవుతున్నాయి. బిందె నెత్తిన పెట్టుకుని నీళ్లు మోసిన తరం మనది. బియ్యం కడిగిన నీళ్లు కుండీలకు పోయడం, గిన్నెలు తోమేటప్పుడు కుళాయి కట్టేయడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కోడలికి చెప్పేటప్పుడు మాత్రం సాధింపులా కాకుండా, ఆ ఏటి కథ చెప్పి చెప్పండి. కథయితే వింటుంది!

ఏటి ఆకుతో పప్పు

సుద్దరాతి ఊటనీటిలో పెరిగే ఆకుకూర వాటర్‌క్రెస్. హాంప్‌షైర్‌లోని ఆల్రెస్‌ఫర్డ్ దీనికి పుట్టిల్లు లాంటిది. ఆవాల కుటుంబం మొక్క కాబట్టి ఘాటు ఉంటుంది. ఏటి గట్టున దానంతటదే పెరిగినది కోసి పచ్చిగా తినొద్దు. పశువులు తిరిగే చోట కాలేయానికి హాని చేసే పురుగు దాని మీద ఉండొచ్చు. కొట్లో కొన్నది వాడండి.

కావలసినవి: కందిపప్పు 1 కప్పు, వాటర్‌క్రెస్ 2 పాకెట్లు, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 2, చింతపండు చిన్న నిమ్మకాయంత, పసుపు, ఉప్పు, పోపుకి నెయ్యి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి 2, వెల్లుల్లి 5 రెబ్బలు, ఇంగువ.

చేసే విధానం: నానబెట్టిన పప్పును పసుపు, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో మెత్తగా ఉడికించండి. చింతపండు పులుసు, ఉప్పు వేసి ఐదు నిమిషాలు మరగనివ్వండి. ఆకును ముదురు కాడలతో సహా సన్నగా తరిగి, చివర్లో వేసి రెండే నిమిషాలు ఉంచి దించేయండి. ఎక్కువ ఉడికితే ఘాటూ రంగూ రెండూ పోతాయి. నెయ్యిలో పోపు వేసి కలపండి. ఆకులోనే కారం ఉంది కాబట్టి మిర్చి తగ్గించాం, గమనించండి. వేడి అన్నంలోకి, అప్పడంతో బాగుంటుంది.